ముల్లు పైకెక్కిన పూట

నవంబరు 4
ఓడ మీది గది లోపలినుంచి

అక్కా,

పెన్సిలుతో రాశానని మొదటి వాక్యానికే మొహం చిట్లించకు. ఈ గదిలో పెన్నులు పనిచెయ్యవు. లోపలి వత్తిడికి సిరా మొత్తం ఒక్కసారే కక్కేసి ఊరుకుంటాయి. ఇప్పుడు నా చొక్కా జేబు చూస్తే నీ బళ్ళో ఒకటో తరగతి పిల్లాడిదే అనుకుంటావు.

గది అని పేరేగాని, ఇది ఓడ మీద పడుకోబెట్టిన ఇనప పీపా. రెండు వరసల పడకలు, మడత బల్ల, అరచేతంత అద్దం కిటికీ. సముద్రం అడుగున ఎంత వత్తిడి ఉంటుందో లోపల గాలినీ అంతకు తెచ్చి తలుపు బిగించేశారు. పని అయ్యేదాకా తిండీ నిద్రా ఇక్కడే. మా వంతు వచ్చినప్పుడు ఒక ఇనప తొట్టిలో కూచోబెట్టి అడుక్కి దింపుతారు, అయ్యాక లాగి మళ్ళీ ఈ పీపాకే అతికిస్తారు. బయటికి రావాలంటే మాత్రం రోజుల తరబడి వత్తిడిని కొద్దికొద్దిగా దించాలి. తొందరపడి తలుపు తీస్తే సోడా సీసా మూత ఊడినట్టు ఒంట్లో రక్తం పొంగుతుంది. పైనున్న మా పెద్దాయన, అంటే మమ్మల్ని నడిపించే ఆయన, రాజు వచ్చి అడిగినా ఆ తలుపు తియ్యడు.

ఫోన్ ఎందుకు చెయ్యడం లేదని అడగకు. ఈ హీలియం కలిపిన గాలికి గొంతు బాతు గొంతైపోతుంది. పోయినసారి మీ పాప నవ్వలేక ఫోను కింద పడేసింది, నువ్వేమో ఒక్క ముక్కా అర్థంకాక పెట్టేశావు. ఉత్తరాలే నయం. సరుకుల పడవ తెస్తే, గోడలో ఉన్న చిన్న గూట్లోంచి భోజనం పళ్ళెంతోపాటు లోపలికి పంపిస్తారు.

పని సంగతి మన చెల్లి పిచ్చుక అడిగింది కదా, పారే గొట్టానికి బెజ్జం పెడితే ఉన్నదంతా బయటికి పోదా అని. చెప్పు దానికి. మీ ఊరికి గ్యాస్ తెచ్చే పెద్ద పైపు ఒక్కటే, ఈ చలిలో దాన్ని ఆపడానికి లేదు. అందుకని పారుతుండగానే కొత్త పేటకి కొమ్మ లైను కలపాలి. ముందు పైపు చుట్టూ రెండు ముక్కల ఉక్కు పట్టీ బిగిస్తాం. ఆ పట్టీకి ఒక మెడ, మెడకి వాల్వు, వాల్వు నెత్తిన కోసే యంత్రం. ప్రతి అతుకునీ అవసరానికి మించిన వత్తిడి పెట్టి పరీక్షిస్తాం. అప్పుడు వాల్వు తెరిస్తే రంపం లోపలికి వెళ్ళి పైపు గోడకి గుండ్రంగా బెజ్జం కోసి, ఆ కోసిన బిళ్ళని పట్టుకుని వెనక్కి వస్తుంది. వాల్వు మూసేసి, యంత్రం విప్పేసి, ఆ చోట కొత్త లైను పెడతాం. ఒక్క బుడగ బయటికి రాకూడదు. కోసినంతసేపూ ఒడ్డునున్న గ్యాస్ స్టేషను వాళ్ళు వత్తిడి తగ్గించి, మేం చెప్పేదాకా మీటరు ముల్లు కదలకుండా పట్టుకోవాలి.

అంటే బావగారి స్టేషనే. నీళ్ళ కూలీ ప్రాణం ఆయన చేతిలో ఉందని చెప్పు, సంతోషిస్తారు.

పిచ్చుకని ఒక ముక్క రాయమను. వాగడానికి ఉండే ఓపిక రాయడానికి ఉండదేం?

నీ తమ్ముడు

*

నవంబరు 9

సముద్రంలో ఉన్నవాడికి,

‘వత్తిడి’ కాదు, ‘ఒత్తిడి’. ఉత్తరం నిండా తప్పే రాశావు. నా దగ్గర చదువుకునే ఆరేళ్ళ పిల్లలు నయం.

నీ పైపు కథ పిచ్చుక మూడు పూటలా చెబుతోంది. దువ్వెనా బకెట్టూ పెట్టి లాండ్రీలో అందరికీ చేసి చూపించిందట. ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడి వాగుతుంటే ఎవరిదో తెల్లకోటు మాడింది, మేస్త్రీ తిట్టాడు. నీకు ఉత్తరం రాస్తానని పెన్ను పట్టుకుని అలాగే నిద్రపోయింది. పొద్దున్నే మొదటి షిఫ్టుకి పోయి మధ్యాహ్నానికి వస్తుంది, వచ్చాక మంచం ఎక్కితే దిగదు. చేతులు నీళ్ళలో నాని తెల్లగా పాలిపోయాయి. దాన్ని నా నెత్తిన పెట్టి నువ్వు నీటి అడుగుకి పోయావు. అనాలని కాదు, ఉన్నమాట.

నీ ప్రాణం ఆయన చేతిలో ఉందని రాశావే, అది మీ బావకి చదివి వినిపించాను. నవ్వుతాడనుకున్నాను. “వెటకారమా?” అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన ఏదో పొరుగువాళ్ళముందు నోరుజారి నీళ్ళ కూలీ అన్నాడే అనుకో, దాన్ని ఎన్నాళ్ళు నములుతావు?

గోడలకి కాగితాలు అంటించారు. సముద్రంలో పని వల్ల గ్యాస్ తగ్గుతుంది, మంట ఆరితే వెంటనే పొయ్యి బిరడా మూసెయ్యండి, మళ్ళీ వీధికి మనుషులొచ్చి చెప్పేదాకా తెరవకండి అని. ఒకటి రెండు రోజులే అన్నారు. త్వరగా కానివ్వు.

అక్క

*

నవంబరు 14

అక్కా,

ఒత్తిడి. ఒత్తిడి. ఒత్తిడి. చాలా?

వెటకారం కాదని బావగారికి చెప్పు. నిజంగానే చెప్పాను. చెప్పడం రాలేదంతే.

త్వరగా కానివ్వమన్నావు. కాదు. కోయడానికి కాగితం మీద ఆఫీసువాళ్ళు గుర్తుపెట్టిన చోట పైపు మీది పూత గీకి, గోడ మందం కొలిచాను. శబ్దం పంపి కొలిచే పరికరం ఉంటుంది, ఇనుము ఎంత మిగిలిందో చెబుతుంది. చుట్టూ బాగానే ఉండి, సరిగ్గా పట్టీ కూర్చునే చోట అడుగువైపు పలచబడింది. మోచేతి దగ్గర చొక్కా అరిగినట్టు, పైకి చూస్తే గుడ్డే, వేలు పెడితే దిగిపోతుంది. మళ్ళీ కొలిచాను. మా జోడీ బండోడు కొలిచాడు. అదే అంకె. నేను ఇక్కడ కొయ్యనని పెద్దాయనతో చెప్పాను. ఓడ మీద ఆఫీసువాళ్ళు చాలాసేపు వాదించారు, చివరికి ఒప్పుకున్నారు. ఇంకో చోట పైపు ఇసకలో కూరుకుపోయి ఉంది, దాని కిందనుంచి ఇసక తోడాలి, మళ్ళీ గీకాలి, కొలవాలి, పట్టీ అక్కడికి దించి బిగించాలి. ఈలోగా గట్టిదనం తెలియని పైపు పక్కన మనుషులు పనిచేస్తున్నారని ఒడ్డున ఒత్తిడి తగ్గించే ఉంచమన్నారు.

మీకు ఇబ్బందేనని తెలుసు. కొన్నాళ్ళు దుప్పట్లు కప్పుకోండి. బావగారిని మాత్రం ముల్లు కిందే ఉంచి హాయిగా నిద్రపొమ్మను.

పిచ్చుక చేతులకి ఏదైనా నూనె రాయి. వచ్చాక దానికి ఇంకో పని చూస్తాను.

తమ్ముడు

*

నవంబరు 18

తమ్ముడికి,

హాయిగా నిద్రపొమ్మన్నావు. మీ బావ పడుకుని ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా? స్టేషను గేటు ముందు రోజూ జనం. రాళ్ళు వేస్తున్నారు. పక్కవీధి ముసలామెకి ఊపిరాడక ఆస్పత్రికి మోసుకెళ్ళారు, అక్కడా గదులు చల్లగానే ఉన్నాయట. బళ్ళో పిల్లలు చేతితొడుగులు వేసుకుని అక్షరాలు దిద్దుతున్నారు. లాండ్రీలో బాయిలర్ సగమే పనిచేస్తోంది. పిచ్చుక చన్నీళ్ళతో ఉతికి వస్తోంది, వణుకుతూ పొయ్యి బిరడా తిప్పి చూస్తుంది, మంట రాదు, దుప్పటి ముసుగు పెట్టేస్తుంది.

ఇదంతా ఎవరివల్లంటే మా తమ్ముడివల్ల అని నేను నోరు విప్పి చెప్పాలా? చెప్పక్కర్లేదు, పిచ్చుకే గొప్పగా చెప్పుకుంది. మా అన్నే పని ఆపించాడు, పైపు పలచగా ఉందట అని. అప్పట్నుంచి కూరగాయల కొట్టువాడు నాకు చెయ్యి విదిలించినట్టు చిల్లర ఇస్తున్నాడు.

ఒక మాట అడుగుతాను. ఆ పైపు అన్నేళ్ళుగా అక్కడే ఉంది, పేలిందా? ఆఫీసు వాళ్ళంతా కొయ్యమంటే నువ్వొక్కడివే వద్దన్నావు. చిన్నప్పుడు బావిలో బిందె పడితే దిగమన్నా దిగలేదు నువ్వు, నేను దిగాను. భయమైతే భయమని చెప్పు. మీ బావ ఏమంటున్నాడో తెలుసా? నీళ్ళ కూలీ అన్నందుకు కసి తీర్చుకుంటున్నాడు, ఊరు మొత్తాన్ని నా మీదికి ఉసిగొల్పాడు అంటున్నాడు. నేను కాదని అనలేదు. అనడానికి నా దగ్గర మాట లేదు.

కోసెయ్యి. కోసి పైకి రా.

అక్క

*

నవంబరు 22

అక్కా,

కోశాం. నిన్న. నీ ఉత్తరం మొన్నే గూట్లోంచి వచ్చింది, దాన్ని తలగడ కింద పెట్టుకుని దిగాను. జవాబు రాసే ఓపిక ఇప్పుడూ లేదు. భయమే, అక్కా. ఈ పనిలో భయం లేనివాడి పక్కన నేను నిలబడను. కసి అన్న మాట మాత్రం నీ చేతిరాతలో చూడాల్సి రావడం బాగాలేదు.

కొత్త చోట గోడ మందంగా, ఒకే తీరుగా ఉంది. పట్టీ బిగించాం, అతుకులన్నీ పరీక్షించాం, నిలబడ్డాయి. ఒడ్డునుంచి ముల్లు కిందే ఉందని మాట ఇచ్చారు. వాల్వు తెరిచి రంపం లోపలికి పంపాం. సగం కోసింది. అప్పుడు నా ముందున్న ముల్లు కదిలింది. నా చూపు తప్పేమో అనుకున్నాను. మళ్ళీ కదిలింది, ఆపకుండా పైకెక్కడం మొదలుపెట్టింది.

ఒడ్డున ఎవడో గ్యాస్ వదిలేశాడు. మేం చెప్పకుండా, మమ్మల్ని అడక్కుండా. వాల్వు మూద్దామంటే రంపం అడ్డంగా ఉంది. వెనక్కి లాగుదామంటే సగం తెగిన బిళ్ళ దాన్ని పట్టేసుకుంది. యంత్రాన్ని లోపలినుంచి తోసేస్తోంది. బండోడు పిడిని పట్టుకున్నాడు, అది ఎదురు తిరిగింది. చెయ్యి పిడికీ పట్టీకీ మధ్య నలిగిపోయింది. నేను వాడి చెయ్యి వదిలేసి పిడి మీద పడ్డాను. అదే చెయ్యాలి. వాడు అరుస్తూనే ఉన్నాడు, బాతు గొంతుతో. పైన పెద్దాయన ఒడ్డువాళ్ళ మీద ఫోన్లో అరుస్తుంటే అదీ నా చెవుల్లోనే. ఎప్పటికో ముల్లు దిగింది. మిగతా సగం నేనే కోశాను. బిళ్ళ బయటికి వచ్చింది, వాల్వు మూశాను. ఒక్క బుడగ రాలేదు.

బండోడికి రెండు వేళ్ళు పోయాయి. డాక్టరు అద్దంలోంచి చెబుతుంటే మాలో ఒకడే కుట్లు వేశాడు. తలుపు తియ్యరు కదా.

ఆ గాడిద ఎవడో తెలిస్తే వాడి తల పట్టుకుని ఆ పైపు మీద ఉంచి, ముల్లు ఎలా ఎక్కుతుందో దగ్గరగా చూపిస్తాను. బావగారి షిఫ్టు పొద్దునపూటే కదా, ఇది మధ్యాహ్నం. ఆయన్ని అడిగి వాడి పేరు పంపు.

మా ఒత్తిడి దించడం మొదలుపెడుతున్నారు. పెద్దాయన ఎందుకో ఇవాళ కిటికీలోంచి నా వైపు చూడ్డం లేదు. బాగా చేశావని అనాల్సిన మనిషి.

పిచ్చుక ఒక్క ముక్కైనా రాయలేదు. అలిగిందా?

తమ్ముడు

*

నవంబరు 26

తమ్ముడికి,

పిచ్చుక పోయింది. నువ్వు కోసిన రోజే.

మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి వెనక గదిలో పడుకుంది. తలుపూ కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుకుంది, చలికి. పొయ్యి బిరడా తిప్పి చూసినట్టుంది, మంట రాలేదు, మూయకుండానే నిద్రపోయింది. తరవాత గ్యాస్ వచ్చింది. నేను బడినుంచి వచ్చి తలుపు తోస్తే గుడ్డలు అడ్డంపడి సరిగ్గా తెరుచుకోలేదు. లోపల దుప్పటి ముసుగులోనే ఉంది. లేపాను. పాప నా వెనకే నిలబడి చూసింది.

నీకు చెప్పొద్దని ఓడవాళ్ళకి నేనే ఫోన్ చేశాను. చెప్పినా తలుపు తియ్యరు. నువ్వు లోపల గోడలు గుద్దుకుంటే ఎవరికి లాభం? అన్నీ అయిపోయాయి. లాండ్రీ వాళ్ళు వచ్చారు. నువ్వు లేవు.

గ్యాస్ వదలడానికి ముందు వీధివీధికీ మనుషులు వచ్చి ప్రతి ఇంట్లో బిరడాలు చూసి మూయాలి. మా వీధికి ఇంకా రాలేదు. రాకముందే వదిలారు. ఎవరు వదిలారని అడిగావు. మీ బావ షిఫ్టు మార్చుకున్నాడు. ఆ రోజు పొద్దున జనం స్టేషనుకి కాదు, మా ఇంటికి వచ్చారు. కిటికీ అద్దాలు పగలగొట్టారు. పాప అరికాల్లో గాజుముక్క దిగింది. నేను ఆయనకి ఫోన్ చేసి సంగతి చెప్పాను, అంతే.

గాడిద అని రాశావు. ఆ గాడిద నా మొగుడు.

కాబట్టి ఇప్పుడు సరిగ్గా చదువు. విచారణకి మనుషులు వచ్చారు. స్టేషనులో ఒత్తిడి ముల్లు గీసే కాగితం, మర్నాడు జనం అక్కడికీ వెళ్ళి వేసిన రాళ్ళకి పాడైపోయింది. ఒత్తిడి ఎప్పుడు పెరిగిందో చెప్పగలిగేది ఓడమీది మీరే. మీ పెద్దాయన, ముల్లు ముందున్నది నువ్వే, నిన్నే అడగమన్నాడట. నువ్వు చూడలేదని చెప్పు. మొదట గుర్తుపెట్టిన చోటే నువ్వు కోసి ఉంటే ఈ ఉత్తరం రాసేపని ఉండేది కాదు. నీ పైపు భద్రంగా ఉంది. దాన్ని నువ్వు దాచుకో. నా ఇంటిని నాకు వదిలెయ్యి.

అక్క

*

నవంబరు 28

అక్కా,

ఇంకా లోపలే ఉన్నాను.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడిస్తే ఎలా వచ్చిందో చెప్పనా? బాతు అరిచినట్టు వచ్చింది. అవతలి పడకలో ఉన్నవాడికి నవ్వు ఆగలేదు, సంగతి తెలిశాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. మన చెల్లి కోసం నా గొంతుతో నేను ఏడవలేకపోయాను. అందుకని మానేశాను.

పెద్దాయన్ని అడిగాను, మీకు ముందే తెలుసా అని. అద్దం అవతల తలూపాడు. ఆ రోజే తెలుసట. బయట వాన పడుతోంది, ఆయన గొడుగు కూడా వేసుకోకుండా నిలబడ్డాడు. నాకు ఆయన్ని తిట్టాలనిపించలేదు.

నిన్ను తిట్టాలనిపిస్తోంది. మొదటి చోటే కోసి ఉంటే అన్నావు. కోసి ఉంటే పట్టీ కింద పైపు చీలి, నేనూ బండోడూ ముక్కలయ్యేవాళ్ళం. తరవాత ఊరికి గ్యాసే ఉండేది కాదు. ఇది నీకు చెప్పినా అర్థం కాదు, ఎందుకంటే జరగలేదు. జరగనిదాన్ని నేను ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించను?

ఫోన్ చేసి సంగతి చెప్పాను, అంతే, అని రాశావు. ఆ ‘అంతే’ దగ్గర నీ రాత వంకరపోయింది. ఏమన్నావు ఫోన్లో? పెంచమన్నావా?

వద్దు, చెప్పకు.

నేను ముల్లు చూడలేదంటే, గ్యాస్ ఎవరూ ముందుగా వదల్లేదంటే, మరి పిచ్చుక ఎందుకు పోయింది అని అడుగుతారు కదా. దానికి ఏం రాస్తారు?

తమ్ముడు

*

డిసెంబరు 4

తమ్ముడికి,

చచ్చిన మనిషి అజాగ్రత్త అని రాశారు. గోడమీద కాగితం అంటించినా బిరడా మూయలేదని. ఇంట్లోవాళ్ళ సంతకం కావాలన్నారు, పెట్టాను. ఆగితే అనుమానపడతారని కలం తియ్యకుండా ఒక్క ఊపున రాశాను.

నువ్వు కోప్పడతావని తెలుసు. ఆ పిల్లని పదేళ్ళు నేను పెంచాను, జడలు నేను వేశాను, నువ్వు పండక్కో పబ్బానికో కూడా రాని మనిషివి. దాన్ని అజాగ్రత్త అనే హక్కు ఉంటే నాకే ఉంది. దానికి ఇప్పుడు పరువూ లేదు, చలీ లేదు. మీ బావకి ఉద్యోగం ఉంది, పాపకి తండ్రి ఉన్నాడు. ఉన్నవాళ్ళని చూడాలా లేనిదాన్ని చూడాలా?

ఆయన భోజనం చెయ్యడం లేదు. వెనక గది తలుపు ముందునుంచి నడవలేక చుట్టూ తిరిగి పెరట్లోంచి వస్తున్నాడు. పాప అడిగితే నడక మంచిదని చెప్పాను.

నీ సంతకం ఒక్కటే మిగిలింది. పెట్టు. ఇక్కడికి రాకు. పక్కింటివాళ్ళు నిన్ను చూస్తే మళ్ళీ అన్నీ తవ్వుతారు.

అక్క

*

డిసెంబరు 9
రేవు దగ్గరి లాడ్జి

అక్కా,

పెట్టాను.

అద్దం మసకబారింది, ముల్లు కనబడలేదు అని చెప్పాను. రాసుకునే అమ్మాయి తలెత్తి, అంతసేపూ కనబడలేదా అని అడిగింది. అంతసేపూ అన్నాను. పెద్దాయన పక్కనే ఉన్నాడు, ముల్లు చూసింది నేనే కాబట్టి నా మాటకి అడ్డం రాలేదు. ఇరవైయేళ్ళుగా నా మాట మీద మనుషుల్ని నీళ్ళలోకి దింపినవాడు. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, “నీ మాట మీద ఇంక ఎవర్నీ దింపను,” అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. అంటే ఇక నాకు ఆయన దగ్గర పని లేదు.

ముల్లు ఎక్కలేదంటే బండోడి వేళ్ళు కూడా వాడి అజాగ్రత్తే అయింది. ఆ సంగతి నాకు ముందు తట్టలేదు. వాడు కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నేను చెప్పిందంతా విన్నాడు. తరవాత నా వైపు చూడలేదు. లాడ్జిలో మా ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు, వాడు సామాను తీసుకుని వరండాలోకి పోయాడు.

నువ్వు అడిగింది చేశాను. రెండు అబద్ధాలు ఒక్క సంతకంతో. ఇంకేమీ అడగకు.

తమ్ముడు

*

డిసెంబరు 17

తమ్ముడని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న పొద్దున మీ బావని తీసుకెళ్ళారు. ఇద్దరు వచ్చారు, చెప్పులు విడిచి లోపలికి వచ్చి మర్యాదగానే తీసుకెళ్ళారు. గ్యాస్ ఎప్పుడు వదిలాడో, ఓడవాళ్ళు ఇంకా ఆగమన్నారని తెలిసీ వదిలాడని, మా వీధికి మనుషులు రాలేదని తెలిసీ వదిలాడని, అంతా వాళ్ళ దగ్గర ఉంది. ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి? స్టేషను కాగితం పాడైపోయింది. ఓడమీద ముల్లు చూసింది నువ్వు.

సంతకం పెట్టానని ఎంత చక్కగా రాశావు. రెండు అబద్ధాలట. అద్దం మసకబారిందట. పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడట. నేను ఆ ఉత్తరం చదివి మొదటిసారి నీకోసం బాధపడ్డాను, తెలుసా? మూడోది నాకు చెప్పిన అబద్ధం అన్నమాట.

పాప కాక నాకు ఉన్నది ఇద్దరు. ఒకదాన్ని నీ కొలతలు మింగాయి. రెండోవాణ్ణి నీ నిజం మింగింది. రెండిట్లోనూ నువ్వే కరెక్టు. నీ అంతటివాడు లేడు.

బళ్ళో హెడ్మిస్ట్రెస్ కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నారు. పిల్లల తల్లులు ఇబ్బందిపడుతున్నారట. పాప మాట్లాడ్డం మానేసింది. ఇంట్లో ఇప్పుడు గ్యాస్ బాగా వస్తోంది. మంట నీలంగా, నిలకడగా. చూసి సంతోషించు.

*

డిసెంబరు 22

అక్కా,

నేను చెప్పలేదు.

బావగారు వచ్చారు. నేను సంతకం పెట్టిన మర్నాడే. రేవు ఎదురుగా టీ బంకు ఉంది, అక్కడ బల్ల మీద కూచుని ఉన్నారు. గుర్తుపట్టలేదు, అంత చిక్కిపోయారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు, ఎవరో పెద్దవాళ్ళు వచ్చినట్టు. నాకు ఏం చెయ్యాలో తోచక రెండు టీలు చెప్పాను.

నేను వాంగ్మూలం ఇచ్చిన సంగతి ఆయనకి తెలుసు. “నువ్వు నాకోసం అబద్ధం చెప్పావటగా,” అన్నారు. అక్కకోసం అన్నాను. గ్లాసు పక్కకి జరిపి చెప్పారు. “ముల్లు కిందే పట్టి ఉంచమన్నారు. పట్టి ఉంచడమే నా పని. ఆ ఒక్క పనే. అది చెయ్యలేదు. ఆ పిల్లని అజాగ్రత్త అంటే నేను విని ఊరుకోలేను.”

నేను వద్దన్నాను. నిజంగా అన్నాను. పాపని చూడమన్నాను, నీ మొహం చూసి ఆగమన్నాను. అక్క ఫోన్లో పెంచమందా అని కూడా అడిగేశాను, నోరు ఆగక. లేదన్నారు. పాప కాలు గురించి చెప్పిందంతే, పెంచింది నేనే అన్నారు. నిజమో, నిన్ను కాపాడారో నాకు తెలియదు. టీ ముట్టకుండానే లేచి విచారణ ఆఫీసువైపు నడిచి వెళ్ళారు. వెనకే వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నారు, మెల్లగా, కోపం లేకుండా.

ఆయన చెప్పాక విచారణవాళ్ళు నన్ను మళ్ళీ పిలిచారు. అబద్ధం ఎందుకు చెప్పావన్నారు. నా మీద కూడా కేసు ఉంటుందట. బండోడి వేళ్ళు మాత్రం ఇప్పుడు వాడి తప్పు కాదు. పిచ్చుకది కూడా కాదు. ఆ అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు, నేను చూశాను.

నమ్మకపోతే బావగారినే అడుగు. నాకు నువ్వు తప్ప ఎవరూ మిగల్లేదు అక్కా. ఒక్కసారి రానివ్వు. గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోతాను.

తమ్ముడు

*

జనవరి 5

తమ్ముడికి,

అడిగాను. నిన్న చూడ్డానికి వెళ్ళినప్పుడు ఊచల అవతలనుంచి అదే చెప్పాడు, టీతో సహా. నేనే వెళ్ళి చెప్పాను, వాడు ఆపబోయాడు, వాణ్ణి ఏమీ అనకు అన్నాడు. నువ్వు రాసింది నిజమే. నాకు తెలిసింది.

అయినా నువ్వే చెప్పావని అనుకుంటాను. పాపకీ అలాగే చెప్పాను, మీ మామయ్య వల్లే నాన్న వెళ్ళాడని. వీధిలో అడిగినవాళ్ళకీ అంతే. నువ్వు వచ్చి కాదంటే నన్ను అబద్ధాలకోరు అంటారు, కాబట్టి రావు. నాకు నీ సంగతి తెలుసు.

పొద్దున లేవాలంటే నాకు ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి. పిచ్చుకని తిట్టి చూశాను, బిరడా మూసుకోలేవా అని, దాని మంచం మీద కూచుని గట్టిగానే తిట్టాను. కోపం రాలేదు. ఆ ఫోన్ గురించి నువ్వు అడిగావు, ఆయన్ని కూడా అడిగావు. ఇంకోసారి ఎవర్నీ అడగకు.

ఆయన శిక్ష అయ్యాక ఇంటికే వస్తాడు. వచ్చినవాణ్ణి నేను ఎదురుగా కూచోబెట్టుకుని తినాలి. ఆయన పక్కన పడుకోవాలి. ఆ వెనక గది తలుపు ఇద్దరం కలిసి తెరవాలి. దానికి నా మనసులో ఆయన తప్పు లేకుండా చేసుకోవాలి, తప్పు ఎక్కడో అక్కడ పెట్టాలి కదా, నీ దగ్గర పెట్టాను. నీకు అన్యాయమే. తెలిసే చేస్తున్నాను.

ఆయనతో కాపురం చెయ్యాలి నేను. నీతో చెయ్యక్కర్లేదు.